కాఫీ మిషను మీద అనుమానం

అహోబిలం నరసింహస్వామి సాక్షిగా చెబుతున్నాను, ఈ కింద రాసిందంతా నిజం. ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నా షాపులో నిలబెట్టిన కడప బండలన్నీ నిలువునా పగిలిపోవాలి. పగిలిన ముక్కలను ముంగిట్లో పరుచుకునేవాళ్లు కూడా ఉంటారనీ, వాటికీ గిరాకీ ఉందనీ స్వామివారికి ఎవరూ చెప్పకుంటే చాలు.

కర్నూల్లో నాకు బండల షాపు ఉంది. కడప బండలు, బేతంచెర్ల బండలు, గ్రానైటు, ఏది కావాలంటే అది. ఈ వ్యాపారంలో అమ్మడం కంటే కూర్చోవడం ఎక్కువ. ఇల్లు కట్టేవాడు ఒకసారి బండలు తోలుకుపోయాడంటే మళ్లీ వాడి మనవడు ఇల్లు కట్టేదాకా మన మొహం చూడడు. అలా కూర్చుని కూర్చుని నాకు కథలు చెప్పే అలవాటు పట్టుకుంది. మా వీధిలో కొందరు ఆ అలవాటును వేరే మాటతో పిలుస్తారు. పిలవనివ్వండి. ఉన్నదానికి కొంచెం పాలిష్ పెట్టి చూపిస్తాను, అంతే. బండకు పాలిష్ పెడితే అబద్ధం అన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

రెండేళ్ల కిందట బండల లోడు సంగతి మాట్లాడడానికి బెంగళూరు పోయాను. నేను పోయిన ఆఫీసులో ఒక మిషనులోంచి చిన్న కప్పు కాఫీ తీసి ఇచ్చారు. రెండు గుటకలకు మించి లేదు. ఆ రెండు గుటకలతో కర్నూలు దాకా నిద్ర రాలేదు. ఇంటికొచ్చి ఫోన్లో వెతికి ఒకటి తెప్పించుకున్నాను. ఎస్ప్రెస్సో మిషన్లలో అది మొదటి మెట్టు. దాని కంటే కింద ఇంకోటి లేదు, ఉంటే అదే కొనేవాణ్ణి. పిడి ఉన్న ఒక చిన్న గిన్నెలో పొడి వేసి, అదిమి, దాని మూతికి తగిలిస్తే, వెనక తొట్టిలోని నీళ్లు కాగి బలంగా ఆ పొడిలోంచి దూసుకొచ్చి చిక్కటి కాఫీగా దిగుతాయి. పైన తేనె రంగులో నురగ. అందులో పాలు పోసుకుంటే ఒక రకం, పోసుకోకుంటే ఇంకో రకం.

మా ఆవిడది కడప. ఆమె తాగేది టీ, అది కూడా పొయ్యి మీద ఆమె చేత్తో మరిగించింది. మిషను వచ్చిన రోజు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఈ ఆవిరి ఇంజను ఎంత సేపు ఉంటాది మనింట్లో?" అని అడిగింది. బంధువు వస్తే అడిగినట్టే అడిగింది. దానికి వంటింటి గట్టు మీద, నేను స్వయంగా ఏరి వేయించిన నల్లటి కడప బండ మీద, ఒక మూల చోటిచ్చింది.

మిషను ఇంట్లోకి వచ్చాకనే పోస్టుమాస్టరు సారు కూడా వచ్చాడు. సారు రిటైరై చాలా కాలమైంది. వాళ్లది నందికొట్కూరు పక్క పల్లె, తాతల నాటి నుంచి చర్చి కుటుంబం. మా వీధి చివరి చర్చిలో ఆదివారం పాటలు ఎత్తుకునేది ఆయనే. రోజూ పొద్దున నడకకు పోయి వస్తూ కాఫీ వాసనకు ఒకనాడు మా గేటు దగ్గర ఆగాడు. లోపలికి రమ్మన్నాను. ఆ రోజు నుంచి వంటింటి గడప దగ్గరి ప్లాస్టిక్ కుర్చీ ఆయనది అయిపోయింది. నేను కాఫీ తీస్తూ కథ చెబుతాను, ఆయన తాగుతూ వింటాడు.

వినడం అందరికీ రాదు. కొందరు మధ్యలో "అది అబద్ధం" అంటారు, వాళ్లు మూర్ఖులు. కొందరు "అవునా, అవునా" అంటూ ఫోను చూసుకుంటారు, వాళ్లు ఇంకా చెడ్డవాళ్లు. సారు అలా కాదు. ఒకసారి నేను మా మామగారి ఊళ్లో ఎండల గురించి చెప్పాను. ఆ ఏడు కడపలో ఎండ ఎట్లా ఉండిందంటే, మేము పచ్చి కాఫీ గింజలు తెచ్చి మిద్దె మీది బండల మీద ఆరబోస్తే సాయంత్రానికి వేగి నల్లబడి వీధంతా ఘుమఘుమలాడాయని. సారు కప్పు పక్కన పెట్టి ఆలోచించాడు.

"ఏమప్పా, గింజలు వేగల్లంటే నడుమ ఒకసారి తిరగేయల్ల గదా. లేకుంటే ఒక పక్కే మాడతాయి. ఎవరు తిరగేసినారు?"

"గాలి తిరగేసింది సార్."

"ఆ. అట్లయితే సరే," అని మళ్లీ కప్పు ఎత్తుకున్నాడు.

చూశారా, అదీ వినడమంటే. కథకు ఎక్కడ చిల్లు పడిందో చూపిస్తాడు, పూడ్చుకోవడానికి మనకు సందిస్తాడు. నాకు యాభై దాటాయి. ఇన్నేళ్లలో అట్లా వినేవాడు నాకు ఒక్కడే దొరికాడు. అందుకే శివరాత్రి దాటి ఎండలు మొదలైన వారంలో సారు రావడం మానేసినప్పుడు, నాకు కాఫీ సహించలేదు, అన్నం సహించలేదు. చెప్పేవాడికి వినేవాడు పోతే మిగిలేది ఒట్టి గొంతు నొప్పి.

ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. కాదు, పొద్దున్నే ఎప్పటిలాగే మా గేటు ముందర నుంచే నడిచి పోతున్నాడు. చెయ్యి ఎత్తి పలకరిస్తాడు, ఆగడు. చెయ్యి ఎత్తడంలో కూడా ఏదో దాపరికం కనిపించింది నాకు. తప్పు చేసినవాడే అంత మర్యాదగా చెయ్యి ఎత్తుతాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మిషను కూడా చెడింది. మీట నొక్కితే నల్లమల ఘాటు ఎక్కుతున్న లోడు లారీలా మూలగడం మొదలుపెట్టింది. ధారగా దిగే కాఫీ బొట్టు బొట్టుగా కారుతోంది. నురగ పలచబడింది. తాగితే నాలుక మీద ఏదో గీచుకున్నట్టుగా ఉంది. అప్పుడు నాకు రెండు సంగతులూ కలిశాయి. మిషను చెడింది, కాఫీ చెడింది, కాబట్టి సారు రావడం లేదు. అంటే ఆయన వచ్చేది కాఫీ కోసమేనా, నా కథల కోసం కాదా? ఇది రాసేటప్పుడు చిన్న ప్రశ్నగా కనిపిస్తోంది. ఆ రోజుల్లో మాత్రం మంచం మీద అటు తిరిగినా అదే, ఇటు తిరిగినా అదే.

ముందు పొడి అమ్మేవాణ్ణి అనుమానించాను. పోయి సంచి వాసన చూసి, చికోరీ ఎక్కువ కలుపుతున్నావు కదా అని నిలదీశాను. వాడు పొడి తీసి నా అరచేతిలో పోసి, "నాకి చూడన్నా," అన్నాడు. నాకి చూశాను. బాగానే ఉంది. అంత నమ్మకంగా నాకమన్నాడంటే అందులోనూ ఏదో ఉందనుకున్నాను గానీ, నిరూపించలేకపోయాను.

తర్వాత ఫోన్లో వీడియోలు చూశాను. ఒక్కో వీడియోలో ఒక్కో గడ్డపాయన. అందరూ మొదట్లో నా మిషనును మెచ్చుకుంటారు. ఈ మాత్రం మనిషికి ఈ మాత్రం మిషను చాలు అన్నట్టు మాట్లాడతారు. చివరికి వచ్చేసరికి ఒక నిట్టూర్పు విడిచి, కాఫీ మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్లయితే మాత్రం, అంటూ పక్కనున్న పెద్ద మిషను మీద చెయ్యి వేస్తారు. ఇంతమంది గడ్డాలవాళ్లు ఒకే చోట నిట్టూర్చడం నాకు అనుమానంగానే తోచింది. కానీ పదిమందీ ఒకే అబద్ధం చెబితే దాన్ని కాదనడం కష్టం. ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు.

మిగిలింది మా ఆవిడ.

"ఏమే, ఈ మిషనును నువ్వేమన్నా చేసినావా?"

"నేనేం చేస్తా? దాన్ని ముట్టుకునేదానికే నాకు భయం. నువ్వే ఏమన్నా చేసింటావు."

"నా మిషను నేనెందుకు చెడగొట్టుకుంటా?"

"పెద్దది కొనేదానికి. పోయినేడు ఫోను బకెట్లో పడింది చూడు. పడిందో, పడేసినావో. వారానికల్లా కొత్త ఫోను వచ్చె."

"అది జారింది."

"ఇది గూడా జారుతాదిలే. జారినంక చెప్పు."

ఇంట్లో నన్ను అనుమానించే మనిషి ఉంటే నాకు బయటివాళ్లను అనుమానించడానికి తీరిక ఉండదు. అందుకేనేమో, ఒక సంగతి నాకు తట్టలేదు. వెనక తొట్టి ఎప్పుడు చూసినా నిండుగా ఉండేది. నేను నింపిన గుర్తు లేదు. నిండుగా ఉన్న తొట్టిని ఎవరు అనుమానిస్తారు?

అలా ఉండగా ఒక సాయంత్రం, పక్క వీధిలో ఉండే బట్టలకొట్టాయన షాపుకు వచ్చాడు. తరతరాలుగా బట్టల వ్యాపారం వాళ్లది. మంచి మనిషి, మాట తక్కువ. తన మెట్ల మీద ఒక బండ కదులుతోందని చెప్పి, పోతూ పోతూ, "నా తాన పెద్ద కాఫీ మిషను ఉండాది, నీకు తెలుసు గదా. దాని కంటే పెద్దది తెప్పిస్తాండా. ఇది నువ్వు తీస్కుంటావా? వచ్చి చూడు," అన్నాడు.

నేను మర్నాడు పొద్దున్నే పోయాను. మిషను చూడడానికే పోయాను. గుమ్మం ముందర ఆయన చెప్పుల పక్కన ఇంకో జత చెప్పులు ఉన్నాయి. మడమ దగ్గర ఒక పక్కకే అరిగిన తోలు చెప్పులు. ఆ అరుగుదల నాకు తెలుసు. ఆ చెప్పులు మా గడప ముందు ఎన్ని పొద్దులు ఉన్నాయో.

లోపల పోస్టుమాస్టరు సారు సోఫాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

నన్ను చూసి కప్పు కింద పెట్టాడు. మళ్లీ ఎత్తాడు. "రాప్పా, కూర్చో," అన్నాడు, ఇల్లు తనదైనట్టు.

"ఏం సార్, నడక ఈ పక్కకు మార్చినట్టుండారే."

"ఈడ నీడ ఉంటాది గదా," అన్నాడు సారు. ఆ వీధిలో ఒక్క చెట్టు లేదు.

బట్టలకొట్టాయన మిషను చూపించాడు. అల్మారా అంత ఉంది, అద్దంలా మెరుస్తోంది. రెండు మూతులు, ఆవిరి బలం చూపించే గడియారాల్లాంటివి రెండు. మీట నొక్కితే మూలుగు లేదు, పిల్లి గురక పెట్టినట్టు చిన్న చప్పుడు. నాకూ ఒక కప్పు ఇచ్చాడు. అబద్ధం చెప్పను, బాగుంది. నా బతుకులో అంత బాగున్న కాఫీ మీద నాకంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఎలాగైనా సారు మనసు ఎటుందో చూద్దామని ఒక కథ ఎత్తుకున్నాను. బనగానపల్లెలో ఒక తోటలో మామిడికాయ కోసేటప్పుడు చెట్టు ఒక్కసారిగా నిటారుగా లేచి నిచ్చెనతో సహా మనిషిని పైకి ఎత్తుకుపోయిన కథ. కాయ బరువుకు అంతకాలం వంగి ఉండింది కదా, బరువు తీరేసరికి లేచింది. సగంలో బట్టలకొట్టాయన ఫోను మోగింది. ఆయన సూరత్‌వాళ్లతో హిందీలో మాట్లాడడం మొదలుపెట్టాడు. నేను సారు వైపు తిరిగాను. సారు కప్పు అడుగును చూస్తున్నాడు. ఆ మనిషి ఎట్లా దిగాడు అని అడగాలి కదా, అడగలేదు.

"ఏం సార్, మా ఇంటి దోవ మర్సిపోయినారా?"

"అట్లేం లేదప్పా. ఈ దినాలు గడవనీ. తర్వాత మాట్లాడుకుందాం."

ఏ దినాలు? ఎందుకు గడవాలి? అడగబోయేలోగా బట్టలకొట్టాయన ఫోను పెట్టేసి, "ఆదివారం లోపల చెప్పల్ల నువ్వు. బనగానపల్లె మామిడితోట ఆయన ఒకాయన అడుగుతాండాడు," అన్నాడు.

ఇంటికి నడుస్తూ నేను కట్టిన లెక్క ఇది. బట్టలకొట్టాయన తన పాత మిషను వదిలించుకోవాలి. ఆయన తర్వాత ఊళ్లో కాఫీ పిచ్చి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఊరికే అమ్ముతానంటే నేను కొనను. అందుకని నాకు ఇష్టమైన మనిషిని తన సోఫాలో కూర్చోబెట్టాడు. మిషను కొంటే మనిషి కూడా వెనక్కి వస్తాడని నాకై నాకే అనిపించాలి. బట్టలు అమ్మేవాళ్లకు ఇది తెలిసిన విద్యే. చీర కాదు చూపించేది, ఆ చీర కట్టుకున్న పక్కింటావిడను చూపిస్తారు. ఇది కుట్ర అని నాకు స్పష్టంగా తెలిసింది. తెలిసి కూడా కొనేద్దామని నిశ్చయించుకున్నాను. కుట్ర అంత మంచిగా కుదిరింది.

మా ఆవిడతో చెప్పాను.

"జారిందన్నమాట," అంది.

"ఏం జారింది?"

"ఏం లేదులే. పాతది ఎవరికి ఇస్తావు?"

"ఎవరో ఒకరికి."

"ఇచ్చేముందర లోపలంతా కడుగు. మనింట్లోనుంచి మురికి సామాను పోయిందంటే మాట పడేది నేను, నువ్వు గాదు."

అందుకని షాపు నుంచి స్క్రూడ్రైవరు తెచ్చి, మిషను మూతి దగ్గరి జల్లెడ విప్పాను. జల్లెడ వెనకంతా తెల్లగా, గరుకుగా, సున్నం కొట్టిన గోడలా పెచ్చు కట్టి ఉంది. కన్నాలు సగం మూసుకుపోయాయి. వేలితో గీకితే పొడి రాలింది.

ఈ తెలుపు నాకు తెలుసు. ఇరవై ఏళ్లకు పైగా నాకు తిట్లు తెచ్చిపెట్టిన తెలుపు ఇది. బాత్రూముల్లో మా బండలు వేయించుకున్నవాళ్లు ఏడాది తిరక్కుండా వచ్చి, నువ్విచ్చిన నల్లబండ తెల్లబడిందని తగువు పెట్టుకుంటారు. ప్రతివాడికీ నేను చెప్పే మాట ఒకటే: బండ తప్పు కాదప్పా, నీళ్ల తప్పు. మన బోరునీళ్లు ఆరినచోటల్లా ఉప్పు మిగులుతుంది. ఊరందరి బాత్రూముల్లో నేను పోల్చగలిగిన మరకను నా కాఫీ మిషనులో పోల్చలేకపోయాను. ఎందుకంటే మిషనులో నేను పోసేది బోరునీళ్లు కాదు. క్యానులో కొనే మంచినీళ్లు.

నేను పోసేది.

మర్నాడు మామూలుగా షాపుకు బయల్దేరి, వీధి మలుపు దాకా పోయి, వెనక సందులోంచి తిరిగి వచ్చి, వంటింటి కిటికీ పక్కన నిలబడ్డాను. యాభై దాటిన మనిషి సొంతింటి కిటికీ కింద వంగి నిలబడితే చూసేవాళ్లు ఏమనుకుంటారో అనుకున్నాను, కానీ అప్పటికే పాలావిడ చూసేసి పోయింది. కాసేపటికి మా ఆవిడ చెంబు తీసుకుని సింకు దగ్గరి బోరు కొళాయి తిప్పింది. చెంబు నిండాక మిషను వెనక్కి పోయి, మూత తీసి, తొట్టి అంచు దాకా పోసింది. ఒక్క చుక్క కింద పడలేదు. అంచు కొంగుతో తుడిచింది కూడా.

"ముట్టుకునేదానికే భయమన్నావే," అన్నాను కిటికీలోంచి.

ఆమె ఉలిక్కిపడలేదు. ఉలిక్కిపడే మనిషి కాదు.

"మిషను యాడ ముట్టుకున్న్యా? నీళ్లు పోస్తి, అంతే."

"బోరునీళ్లు పోస్తావా దాంట్లో?"

"మరి మంచినీళ్లు పోయల్లనా? నేను చూడ్లేదనుకుంటాండావా? కాఫీకి ముందొక గ్లాసు నీళ్లు ఊరికే వదుల్తావు, కాఫీ దిగినంక ఇంకో గ్లాసు వదుల్తావు. అన్నీ ఆ కింద తట్టలోకి. ఏమంటే, మిషను మూతి కడుక్కోవల్లంటావు. నువ్వు మూతి కడుక్కునేది ఏ నీళ్లతో? బోరునీళ్లతో. నీకు లేని మంచినీళ్లు దాని మూతికి ఏంటికి?"



తప్పు ఆమెది అనడానికి నాకు నోరు రాలేదు. కడపలో ఆమె చిన్నప్పుడు వీధి కొళాయికి నీళ్లు ఎప్పుడో ఒకనాడు వచ్చేవి. బిందెల వరుసలో నిలబడి తెచ్చిన మంచినీళ్లు ఒక మూల, తక్కిన పనులన్నిటికీ ఉప్పునీళ్లు ఒక మూల. మంచినీళ్లు మనిషి గొంతులోకే పోవాలి. చుట్టం సగం తాగి వదిలిన గ్లాసులో నీళ్లు కూడా సింకులో పారబోస్తే వాళ్లమ్మ తొడపాశం పెట్టేదట. అవి కరివేపాకు చెట్టుకు పోవాలి. అట్లాంటి ఇంట్లో పెరిగిన మనిషి ముందు నేను రోజూ గ్లాసులకు గ్లాసులు మంచినీళ్లు తట్టలోకి వదులుతున్నాను. శివరాత్రికి ముందే క్యానుల బండి వంతు తప్పి రావడం మొదలయ్యాక ఆమె ఇక ఓర్చుకోలేకపోయింది. నాతో చెబితే వినను. అందుకని చెప్పకుండా తొట్టి నింపేయడం మొదలుపెట్టింది. నిండిన తొట్టిలో నేను మళ్లీ పోయను కదా.

ఆ మధ్యాహ్నం నేను షాపుకు పోలేదు. అంగట్లో నిమ్మ ఉప్పు తెచ్చి, నీళ్లలో కలిపి, మిషనులోంచి మళ్లీ మళ్లీ దించాను. మొదట తెల్లటి బురద, తర్వాత మడ్డి, తర్వాత తేటనీళ్లు దిగాయి. మూలుగు తగ్గింది. ఆ సంతోషంలో కింది తట్ట నిండి పొర్లుతున్న సంగతి చూసుకోలేదు. పులుపు పడితే కడప బండ మెరుపు చచ్చిపోతుంది. కొన్న ప్రతివాడికీ నిమ్మకాయ బండ మీద పెట్టవద్దని బుద్ధులు చెప్పేవాణ్ణి, నా సొంత గట్టు మీద తట్టంత మేర మసకబారిన మచ్చ వేసుకున్నాను.

మా ఆవిడ వచ్చి చూసింది. "ఇది బండ తప్పా, నీళ్ల తప్పా?" అని అడిగి టీ పెట్టుకోవడానికి పోయింది.

మాకు ఒప్పందం కుదిరింది. మిషనుకు మంచినీళ్లే పోస్తాం. మూతి కడిగిన నీళ్లు తట్టలోంచి తీసి కరివేపాకు చెట్టుకు నేనే పోయాలి, ఏ పూటకు ఆ పూట. సాయంత్రం తీసిన కాఫీ ధారగా దిగింది, తేనె రంగు నురగ నిలబడింది. మొదటి మెట్టు మిషనే, కానీ నిటారుగా నిలబడిన మొదటి మెట్టు.

అయినా బట్టలకొట్టాయనకు వద్దని చెప్పలేకపోయాను. నా మిషను బాగుపడింది. కానీ నాకు కావలసింది మిషను బాగుపడడం కాదు కదా. సారు కాఫీ కోసమే అక్కడికి పోతుంటే, ఎంత కడిగినా నా మిషను ఆ అల్మారా ముందు నిలబడదు. కొంటే, ఆయన వస్తాడు గానీ, ఎందుకు వస్తున్నాడో నాకు తెలిసిపోతుంది. కొనకుంటే రాడు. ఆదివారం తెల్లవారక ముందే వీధిలో పాటలు వినిపించాయి. చర్చివాళ్లు ఈస్టరు పండుగకు పాడుకుంటూ తిరుగుతున్నారు. ముందు గొంతు సారుదే. గేటు దగ్గర నిలబడి విన్నాను. నన్ను చూసి పాట ఆపకుండా చెయ్యి ఎత్తాడు. సాయంత్రం బట్టలకొట్టాయన ఫోను చేస్తే, "రేపు పొద్దున చెప్తానన్నా, ఒక్క రాత్రి ఆగు," అన్నాను.

సోమవారం పొద్దున కాఫీకి పొడి అదుముతుంటే గేటు చప్పుడైంది. సారు వచ్చి తన కుర్చీలో తాను కూర్చున్నాడు. నేను కాఫీ తీసి చేతికిచ్చాను. ఒక గుటక తాగాడు.

"ఇన్ని దినాలు ఏమైపోయినారు సార్?"

"శ్రమకాలం గదప్పా. పండగకు ముందర నలభై దినాలు, మనసుకు శానా ఇష్టమైంది ఒకటి వదిలిపెట్టుకుంటాము. వదిలిపెట్టినట్టు నలుగురికీ చెప్పుకోగూడదు."

"కాఫీ వదిలిపెట్టినారా? ఆడ తాగుతాంటిరి గదా, నా కండ్లతో చూస్తి."

"కాఫీ గాదు. నీ కథలు."

నేను గిన్నె గట్టు మీద పెట్టి ఆయన వైపు తిరిగాను.

"పోయినేడు మాంసం వదిలిపెట్టినా, సులువుగానే గడిచింది. ఈసారి కష్టమైంది. గాలి వచ్చి గింజలు తిరగేసిందన్నావే, ఆ గాలి యా దిక్కు నుంచి వచ్చిందో అడగల్లని నలభై దినాలు నోరు కట్టేసుకుంటి. మామిడిచెట్టు మీద మనిషి ఎట్ల దిగినాడో అదీ చెప్పు."

చెప్పాను. రెండూ చెప్పాను. సారు పోయాక బట్టలకొట్టాయనకు ఫోను చేసి, అన్నా, నాకొద్దు, మామిడితోట ఆయనకు ఇచ్చేయి అన్నాను. ఆయన సరే అన్నాడు, ఒక్క మాట ఎక్కువ అనలేదు. కుట్ర చేసినవాడు బతిమాలాలి కదా. బతిమాలలేదు. బహుశా కుట్ర లేదేమో.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. నీళ్ల సంగతి వచ్చినచోట కరివేపాకు దూస్తూనే ఉంది. చివరికి వచ్చాక ఆపింది.

"సారు అట్లన్న్యాడా?"

"అన్నాడు."

"ఆ పొద్దున నేను పొయ్యికాడనే ఉన్న్యా. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నేనే చెబుతాను. బండలు, మిషను, కిటికీ, పక్క వీధిలో చెప్పులు, గట్టు మీద మచ్చ, అన్నీ నిజం. సారు శ్రమకాలంలో ఒకటి వదిలిపెట్టిందీ నిజమే. ఆయన వదిలిపెట్టింది నా కథలు కాదు, చక్కెర. ఆ ఒక్కటే నేను కల్పించాను. ఆ పొద్దున ఆయన అన్న మాటలు ఇవి: "చక్కెర లేకుండ నీ కాఫీ తాగలేకపోయినప్పా. ఉప్పగా ఉన్నింది. చెప్తే నొచ్చుకుంటావని ఆ పక్కకు పోతాంటి." చక్కెర వేసుకున్నన్నాళ్లూ తెలియని ఉప్పు, చక్కెర మానగానే నాలుకకు తగిలిందట. తర్వాత కాఫీలో చెంచా తిప్పి, ఇంకో గుటక తాగి, "ఇప్పుడు బాగుండాది," అన్నాడు.

గాలి ఏ దిక్కు నుంచి వచ్చిందని అడగలేదు. మామిడిచెట్టు మనిషి మాట ఎత్తలేదు. నా కథల గురించి మంచిగా గానీ చెడ్డగా గానీ ఆ రోజు ఏమీ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. కప్పు ఖాళీ చేసి నేల మీద పెట్టి, "ఇంకేం సంగతులప్పా?" అన్నాడు.

అది కథ అడగడమో, లేవబోతూ ఎవరైనా అనే మర్యాద మాటో నాకు తేలలేదు. ఆయన మొహం వైపు చూశాను. మొహంలో ఏమీ లేదు. కానీ కుర్చీలోంచి లేవలేదు కాబట్టి, చెప్పడం మొదలుపెట్టాను.